*నెబొ: స్లావ్ ఆకాశం, మన నభస్సు

రష్యన్‌లో ఆకాశం ‘నెబొ’. బహువచనం మాత్రం ‘నెబెసా’. మధ్యలో కనిపించే ఆ ‘ఎస్’ బహువచన ప్రత్యయం కాదు. అది ప్రాతిపదికలోదే; ప్రథమా ఏకవచనంలోనే సకారం రాలిపోయింది.

రష్యన్, చెక్ వంటి స్లావ్ భాషలన్నిటికీ తల్లి అయిన మూలస్లావ్ భాషకు రాతలు లేవు. పోలికలతో పునర్నిర్మించిన పదాలు కాబట్టి ముందు నక్షత్రం గుర్తు పెడతారు. *నెబొకు సాక్ష్యం గట్టిదే. క్రైస్తవ ప్రచారకులైన సిరిల్, మెథోడియస్ సోదరులు 863లో మొరావియా (నేటి చెక్ ప్రాంతం) వెళ్ళినప్పటి అనువాదాలతో మొదలైన ప్రాచీన చర్చి స్లావోనిక్‌లో షష్ఠి ‘నెబెసె’, చతుర్థి ‘నెబెసి’. చెక్‌లో నేటికీ ‘నెబె’, ‘నెబెసా’.

సంస్కృత శబ్దాలు వల్లించినవారికి ఈ వరస కొత్త కాదు: నభః, నభసః, నభాంసి. సకారాంత నపుంసకలింగం. రెండూ ఈ భాషల ఉమ్మడి పూర్వ భాష అయిన ఇండో-యూరోపియన్‌లోని *నెభొస్ నుంచి దిగినవే. స్లావ్‌లో భ కాస్తా బ అయింది, పదం చివరి స్ పోయింది, అచ్చుల నడుమ స్ మిగిలింది.

స్లావ్ భాషలు సంస్కృతం నుంచే పుట్టాయని మన దగ్గర తరచు వినిపించే మాటకు ఇక్కడే జవాబుంది. ప్రథమా ఏకవచనంలో ఒ, మిగతా విభక్తుల్లో ఎ: గ్రీకులోనూ ఇంతే, నెఫొస్, నెఫెఒస్. సంస్కృతం ఆ రెంటినీ ‘అ’లో కలిపేసింది. కలిసిపోయిన అచ్చులను స్లావ్ వాళ్ళు మళ్ళీ సరిగ్గా అవే చోట్ల విడదీయడం జరిగే పని కాదు. అటు గ్రీకు అచ్చుల మధ్య సకారాన్ని పోగొట్టుకుంది. స్లావ్ రెండూ నిలబెట్టుకుంది.

అయితే సకారం అన్నిచోట్లా నిలవలేదు. ఇ, ఉ, ర, క తరువాత స్లావ్‌లో అది ‘ఖబర్’లోని ఖ లాంటి ధ్వని అయింది; సంస్కృతంలో ‘గురుషు’లో ష వచ్చేదీ ఈ కారణంగానే. చెవి అనే *ఉఖొ షష్ఠి *ఉషెసె చూడండి. ఉ తరువాతి స ముందు ఖ అయి, పక్కన ఎ ఉండటంతో ష అయింది. ఎ తరువాతి స మాత్రం చెక్కుచెదరలేదు. ఒకే పదంలో ఒకే హల్లుకు రెండు గతులు!

అర్థం మాత్రం పక్కకు జరిగింది. గ్రీకులో నెఫొస్ మేఘం, లిథువేనియన్ ‘దెబెసిస్’ కూడా మేఘమే. మబ్బు, మంచు అనే అర్థం నుంచి స్లావ్‌లో ఆకాశమైంది; నేటి టర్కీ ప్రాంతపు ప్రాచీన భాష హిట్టైట్‌లో ‘నెపిస్’ కూడా ఆకాశమే.

స్లావ్‌లో ఈ సకారాంత శబ్దాల గుంపు చిన్నది కావడంతో త్వరగా చెదిరింది. మన ‘శ్రవస్’కు తోబుట్టువైన *స్లొవొ (మాట) రష్యన్‌లో మామూలు నపుంసకాల్లో కలిసి బహువచనం ‘స్లొవా’ అయింది. చక్రం అనే *కొలొ ఎదురు దారి పట్టింది: బహువచనంలోని ‘ఎస్’ ఏకవచనంలోకీ వచ్చి ‘కొలెసొ’ అయింది. స్లొవేనియన్ మాత్రం ‘తెలొ’ (శరీరం) లాంటి మాటల్లో షష్ఠీ ఏకవచనం ‘తెలెసా’ అంటూ పాత పద్ధతిని ఇంకా వాడుకలో ఉంచింది.