గుంట కాడ రేటు ఎవరు కడతారు

2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు మండలాల్లో రొయ్యల గుంటల కాడ ఎవర్ని కదిలించినా కౌంట్ రేటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే ఎంతనే ధర) మాటే. తెల్లారుజామున పట్టుబడి చేసి రొయ్య కాటా ఎక్కించేసరికి రేటు ఎక్కడో తేలిపోయుంటది. ఈ పద్ధతి మాకొద్దు, వేరే దారుందని చెప్పినోళ్ళు ఈ రెండు మండలాల్లోనే వందేళ్ళ నాడు ఉన్నారు, అది మన పిల్లకాయలకి తెలియాలనే రాస్తున్నా.

పెన్న ఒడ్డున పల్లిపాడులో 1921 ఏప్రిల్ 7న గాంధీయే వచ్చి ఆశ్రమాన్ని ప్రారంభించాడు. సీమగుడ్డ కొనబాకండి, రాట్నం తిప్పండి, అదీ ఆ దారి. పెన్నకి ఆవలి పక్క అలగానిపాడులో భూములున్న ఇంట్లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య 1930లో పదిహేడేళ్ళకే ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి పోయొచ్చి, ఆనక కమ్యూనిస్టయ్యాడు, పేరు చివర రెడ్డి తీసేశాడు, సొంతూళ్ళోనే కూలోళ్ళని కూడగట్టాడు. ఖద్దరు కట్టినా కూలి రేటు చెప్పేది ఆసామే అయితే లాభమేంది, నాకు ఆయన జీవితంలో కనపడే ప్రశ్న ఇదే.

మూడో దారి గురించి ఎవరూ చెప్పరు గానీ మన జేబుకి తగిలింది అదే. 1953లో సోవియట్ యూనియన్‌తో వాణిజ్య ఒప్పందం కుదిరింది, తర్వాత్తర్వాత లెక్కంతా రూపాయల్లోనే, డాలర్‌తో పన్లేదు, వాళ్ళు మిషన్లిస్తే మనం టీ, పొగాకు పంపేవాళ్ళం. ఒంగోలు, కందుకూరు వైపు బ్యారన్లో (పొగాకు ఆరబెట్టే కొట్టంలో) రాత్రంతా నిద్ర లేకుండా మంట చూసుకుంటా ఆకు క్యూరింగ్ చేసే రైతు పంటకి రష్యా పెద్ద గిరాకీ. 1974లో పేద దేశాలన్నీ ఐక్యరాజ్యసమితిలో కొత్త ఆర్థిక వ్యవస్థ కావాలని, ముడిసరుకుకి న్యాయమైన ధర రావాలని తీర్మానం కూడా చేయించాయి, అది కాగితం దాటలేదు. 1991 డిసెంబర్లో సోవియట్ కూలిపోయింది, అంతకు ముందే జులైలో మన దేశం బంగారం కుదువ పెట్టి, ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) అప్పుతో సరళీకరణ బాట పట్టింది, పొగాకు రైతుకి ఆ పాత గిరాకీ మళ్ళీ అట్టా రాలేదు.

ఇప్పుడు బ్రెజిల్, రష్యా, మనం, చైనా, దక్షిణాఫ్రికా లాంటి బ్రిక్స్ కూటమి దేశాలు సొంత కరెన్సీల్లో వ్యాపారం అంటున్నాయి, మంచిదే, నేనైతే కావాలనే అంటా. కానీ అది గాంధీ అడిగిందీ కాదు, సుందరయ్య అడిగిందీ కాదు, షెడ్డులో నిలబడి రొయ్య తలలు తీసే ఆడోళ్ళ కూలి ఎవరు తేలుస్తారనేది అందులో లేదు. బ్రిక్స్ మొదటి శిఖరాగ్ర సమావేశం 2009లో, వెనామీ అనే విదేశీ రకం రొయ్య పెంపకానికి మన దేశం అనుమతిచ్చిందీ 2009లోనే. ఆ వెనామీ తల్లి రొయ్యలు ఎక్కువగా అమెరికా నుంచే విమానంలో దిగుతాయి, పెరిగిన రొయ్యా ఎక్కువ అక్కడికే పోతాది.