అవలాన్: గాయాలు మానే దీవి గురించి అపోహలు, వాస్తవాలు

అపోహ: అవలాన్ అంటే వేల్స్‌కి చెందిన వెల్ష్ వాళ్ల స్వర్గం, చనిపోయాక చేరే లోకం.

వాస్తవం: తొలి కథల్లో బ్రిటన్ పురాణ రాజు ఆర్థర్ అక్కడికి వెళ్లింది వైద్యానికి. జెఫ్రీ ఆఫ్ మన్మత్ 1136 ప్రాంతంలో లాటిన్‌లో రాసిన బ్రిటన్ రాజుల చరిత్రలో, కామ్లాన్ యుద్ధంలో ప్రాణం మీదికొచ్చిన ఆర్థర్‌ని గాయాలు మానడానికి ఆ దీవికి చేరుస్తారు. ఆయనే 1150 ప్రాంతంలో రాసిన మెర్లిన్ కావ్యంలో ఇంకా వివరంగా ఉంటుంది. అక్కడ దున్నకుండానే పండుతుంది, మనుషులు నూరేళ్లు దాటి బతుకుతారు. ఏలేది తొమ్మిదిమంది అక్కచెల్లెళ్లు. వాళ్లలో మొదటిదైన మోర్గెన్‌కి మూలికల గుణాలన్నీ తెలుసు. రాజును బంగారు మంచం మీద పడుకోబెట్టి, తన చేత్తోనే గాయం విప్పి చాలాసేపు చూసి, చాలాకాలం తన దగ్గరుంటే నయమవుతుందంటుంది. తర్వాతి కథల్లో ఈమే మోర్గాన్‌గా మారి కుట్రలు పన్నుతుంది. ఆ మోర్గాన్‌ని దృష్టిలో పెట్టుకుని ఇది చదివితే ఈ ఘట్టమే పాడవుతుంది.

అపోహ: పేరుకి 'యాపిల్ దీవి' అని ఒకటే అర్థం.

వాస్తవం: వెల్ష్‌లో 'అవల్' అంటే యాపిలే. జెఫ్రీ కూడా ఆ కావ్యంలో పండ్ల దీవి అనే అన్నాడు. కానీ 13వ శతాబ్దపు వెల్ష్ అనువాదాల్లో పేరు 'అనిస్ అవలాఖ్', అంటే అవలాఖ్ దీవి. వెల్ష్ కథల్లో అవలాఖ్ అనే మనిషి కూడా ఉన్నాడు, మోద్రోన్ అనే ఆమె తండ్రి. రెండు అర్థాలనూ ఉంచాల్సిందే.

అవలాఖ్‌ని వెల్ష్‌లో Afallach అని రాస్తారు. ఆ ఇంగ్లిష్ అక్షరాలు చూసి తెలుగులో 'అఫల్లాచ్' అని రాసేస్తుంటారు. వెల్ష్‌లో ఒంటి ఎఫ్ 'వ' అవుతుంది. జంట ఎల్‌కి మన లిపిలో అక్షరం లేదు. నాలుక కొసను 'ల' పలికే చోటే ఆనించి, గొంతు మోగకుండా పక్కల నుంచి గాలి వదలాలి. చివరిది ఉర్దూ 'ఖబర్'లోని ఖ. ఊనిక 'వ' మీద.

అపోహ: ఆర్థర్ కత్తి ఎక్స్‌కాలిబర్ రాతిలోంచి వచ్చింది.

వాస్తవం: జెఫ్రీలో దాని పేరు కాలిబర్న్, తయారైంది అవలాన్‌లో.

అపోహ: గ్లాస్టన్‌బరీయే అవలాన్, అక్కడ ఆర్థర్ సమాధి దొరికింది కూడా.

వాస్తవం: ఇంగ్లండ్‌లోని ఈ ఊరి చుట్టూ ఒకప్పుడు చిత్తడి నేలలు, మధ్యలో 158 మీటర్ల కొండ. చూస్తే దీవే అనిపిస్తుంది. అయితే ఆ ఊరికి ఈ పేరు గట్టిగా అంటుకున్నది 1191లో, అంటే జెఫ్రీ రాసిన 50 ఏళ్లకు పైగా అయ్యాక. 1184లో అక్కడి మఠం తగలబడింది. తిరిగి కట్టడానికి డబ్బు కావాలి, యాత్రికులు కావాలి. ఆ రోజుల్లోనే సన్యాసులు తవ్వి, తొలిచిన ఓక్ మానులో ఆర్థర్, ఆయన రాణి గ్వినివీర్‌ల ఎముకలు దొరికాయన్నారు. బంగారు రంగు జుట్టు పాయ ఒకటి తాజాగా కనిపించిందనీ, ఒక సన్యాసి ఆత్రంగా అందుకోగానే పొడైపోయిందనీ ఆ కాలపు రచయిత జెరాల్డ్ ఆఫ్ వేల్స్ రాశాడు.

ఆ సమాధిలో దొరికిందన్న సీసపు శిలువ మీది రాతనే సాక్ష్యంగా చూపిస్తారు. దాన్ని చూశానన్న జెరాల్డ్ పాఠంలో 'రెండో భార్య గ్వినివీర్‌తో' అని ఉంది. 1607లో ఇంగ్లిష్ చరిత్రకారుడు కామ్డెన్ అచ్చేసిన బొమ్మలో ఆమె పేరే లేదు. శిలువ ఇప్పుడు ఎక్కడుందో తెలియదు.