స్లాబ్ పడకముందే వడ్డీ మినహాయింపు అడిగే మాస్టార్లకి

ఫిబ్రవరి వస్తే చాలు మా ఆఫీసులో ఇదే గోల. మొన్న ఒక టీచర్ గారు ఐటీ (ఆదాయపు పన్ను) ఫారం, బ్యాంకు వడ్డీ సర్టిఫికెట్ పట్టుకొచ్చి "ఇంటి లోన్ ఉంది సార్, వడ్డీ వేసేయండి" అన్నారు. ఇల్లు ఎందాకా వచ్చింది మాస్టారూ అంటే ఫోన్ తీసి ఫొటో చూపించారు, గోడలు లేచాయి, పైన సెంట్రింగ్ చెక్కలు, పక్కన నీళ్ళ డ్రమ్ము. పోయినేడాది కూడా వేసుకున్నారట, స్టాఫ్ రూంలో ఎవరో ఈఎంఐ మొదలైతే చాలు అన్నారని.

అపోహ ఇదే, ఈఎంఐ మొదలైతే మినహాయింపు మొదలైనట్టే అని. కాదండీ. ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 24(బి) కింద ఇంటి లోన్ వడ్డీ మినహాయింపు ఇల్లు పూర్తయిన ఆర్థిక సంవత్సరం నుంచే. (కొత్త చట్టంలో సెక్షన్ నంబర్లు మారాయి, నాకు నోరు తిరిగిన పాత నంబర్లే రాస్తున్నా.) అంతకుముందు కట్టిన వడ్డీ గంగపాలు అయిపోతుందా అంటే అదీ కాదు, పూర్తయిన ఏడాదికి ముందు మార్చి 31 దాకా కట్టిన వడ్డీ అంతా కూడి ఐదు సమాన భాగాలు చేసి, పూర్తయిన ఏడాది నుంచి ఏడాదికొక భాగం తీసుకోవచ్చు. సొంతంగా ఉండే ఇంటికి ఆ భాగం, ఆ ఏడాది వడ్డీ అన్నీ కలిపి 2 లక్షలు దాటకూడదు, అంతే.

మాస్టారి లెక్కే చూడండి. 2023 సెప్టెంబర్‌లో లోన్, ఆ ఏడాది వడ్డీ 40 వేలు, తర్వాతి ఏడాది లక్షా 10 వేలు, 2025-26లో లక్షన్నర. ఇల్లు 2026 మార్చి 31లోపు పూర్తయితే ఈ లక్షన్నర మొత్తం ఆ ఏడాదికే వస్తుంది, పాత లక్షన్నరలో ఐదో వంతు 30 వేలు, కలిపి లక్షా 80 వేలు. అదే ఏప్రిల్‌లోకి జారిందా, 2025-26కి సున్నా! మూడేళ్ళ వడ్డీ 3 లక్షలు ఐదు ముక్కలవుతుంది, ఏడాదికి 60 వేలు, దానికి ఆ ఏటి వడ్డీ లక్షా 52 వేలు కలిపితే 2 లక్షలు దాటి పైన 12 వేలు ఎందుకూ పనికిరావు.

ఇది చెప్పే నేనే బోల్తా పడ్డా. మా ఇల్లు 2019 మార్చికి అయిపోవాల్సింది. ఫాల్గుణంలో ముహూర్తం మాకు కుదరట్లేదని నాన్న వైశాఖానికి తోశారు, ఇంకా రెండు నెలలుంది కదా అని మేస్త్రీ కూడా టైల్స్ పని వదిలేసి వేరే సైటుకి పోయాడు. అక్కడితో నా ఏడాది వడ్డీ ఐదు ముక్కలైంది. నాన్నకి లెక్క చెప్తే "వడ్డీ కోసం ముహూర్తం మారుస్తార్రా" అన్నారు, ఏం మాట్లాడతాం.

పూర్తయినట్టు కాగితం కావాలి, గృహప్రవేశం ఫొటోలు కాదు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇల్లు పూర్తయింది, ఉండొచ్చు అని మున్సిపాలిటీ వాళ్ళిచ్చేది) ఉంటే అది, పంచాయతీలో అయితే ఇంటి పన్ను అసెస్‌మెంట్, టెంపరరీ మీటరు తీసేసి పర్మనెంట్ మీటరు ఇచ్చిన కాగితం లాంటివి దాచుకోండి. లోన్ తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిసిన దగ్గర్నుంచి ఐదేళ్ళలో పూర్తి కాకపోతే 2 లక్షల పరిమితి కాస్తా 30 వేలకి పడిపోతుంది. మాస్టారికి 2029 మార్చి 31 దాకా టైముంది.

ఇంకొన్ని గబగబా. ఇదంతా పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్ళకే, కొత్త పన్ను విధానంలో సొంతింటి వడ్డీకి ఏమీ లేదు, కానీ జీతం 12 లక్షల 75 వేల లోపుంటే అక్కడ పన్నే పడదు కాబట్టి బెంగ అక్కర్లేదు. నిర్మాణంలో ఉండగా కట్టిన అసలుకి 80సి (లోన్ అసలు, పొదుపుల మీద ఇచ్చే మినహాయింపు) లేదు, దానికి ఐదు ముక్కల సౌకర్యమూ లేదు. ఖాళీ ప్లాటు లోన్‌కి ఇల్లు కట్టేదాకా ఏమీ రాదు. బావమరిది దగ్గర తెచ్చిన అప్పుకి వడ్డీ సర్టిఫికెట్ రాయించుకుంటే వడ్డీ చూపించొచ్చు, తీర్చిన అసలుకి మాత్రం 80సి కుదరదు. 80ఈఈఏ అని, ఇంటి లోన్ వడ్డీకి అదనపు మినహాయింపు ఉందని యూట్యూబ్‌లో ఇంకా చెప్తున్నారు, అది 2022 మార్చి 31లోపు సాంక్షన్ అయిన లోన్లకే. సిమెంటు, స్టీలు జీఎస్టీ వెనక్కి రాదు, అయినా బిల్లులు పారేయకండి, రేపు ఇల్లు అమ్మితే కట్టిన ఖర్చు చూపించాలి కదా. స్థలం నాన్నగారి పేర లోన్ మీ పేర ఉంటే మాత్రం ఇటుక వేయకముందే రండి, ఓనరు కానివాళ్ళకి మినహాయింపు ఉండదు, తర్వాత వస్తే నేను చేయగలిగింది తక్కువ.

మాస్టారి మొహం చూస్తే పాపం జాలేసింది. "జైలు గియిలు ఉంటదా సార్" అన్నారు. అంత లేదండీ అని టీ తెప్పించి, పోయినేడాది తప్పుకి ఐటీఆర్-యు (తప్పు సరిదిద్ది మళ్ళీ వేసే రిటర్న్) వేద్దామని చెప్పా, పన్ను, దాని మీద వడ్డీ, ఆ రెండిటి మీద ఇంకో 25 శాతం, ఆలస్యం చేసేకొద్దీ ఆ శాతం పెరుగుతుంది. ఆయన అక్కడే కూర్చుని మేస్త్రీకి ఫోన్ కలిపారు.