కొత్త ఫోన్ కెమెరాలు: బెంగళూరులో కొనబోయే మనవాళ్లకు కొన్ని అపోహలు, వాస్తవాలు

మారతహళ్లిలో అయినా, ఎస్.పి. రోడ్‌లో అయినా కౌంటర్ దగ్గర తెలుగులో వినిపించే మొదటి ప్రశ్న ఒక్కటే: "ఎన్ని మెగాపిక్సెల్?" అడగాల్సిన ప్రశ్న అది కాదు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడదాం.

అపోహ: 200 మెగాపిక్సెల్ కెమెరా 50 మెగాపిక్సెల్ కెమెరా కంటే నాలుగు రెట్లు మెరుగు.

వాస్తవం: మామూలు మోడ్‌లో చాలా ఫోన్లలో ఈ రెండూ ఇచ్చేది సుమారు 12.5 మెగాపిక్సెల్ ఫొటోనే. 2023లో వచ్చిన గెలాక్సీ ఎస్23 అల్ట్రానే తీసుకోండి. దాని మెయిన్ సెన్సర్ (లెన్స్ వెనక వెలుతురును పట్టే చిప్) మీద ఒక్కో పిక్సెల్, అంటే ఒక్కో గడి, 0.6 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అంత చిన్న గడిలో పడే వెలుతురు సరిపోదు కాబట్టి, పక్కపక్కనున్న 16 గళ్లను కలిపి 2.4 మైక్రాన్ల పెద్ద గడిలా వాడుకుంటుంది. 200ని 16తో భాగిస్తే 12.5. 50 మెగాపిక్సెల్ ఫోన్ నాలుగేసి గళ్లు కలుపుతుంది, లెక్క మళ్లీ 12.5కే వస్తుంది.

కాబట్టి చూడాల్సింది సెన్సర్ సైజు. 1/1.3 అంగుళం, 1/1.56 అంగుళం అని రాసి ఉంటుంది. కింది అంకె పెరిగేకొద్దీ సెన్సర్ చిన్నదవుతుంది; చాలామంది దీన్ని తిరగేసి చదువుతారు. "ఒక అంగుళం సెన్సర్" అన్నది కూడా నిజంగా అంగుళం ఉండదు, సుమారు 13.2 బై 8.8 మిల్లీమీటర్లు. పాత వీడియో కెమెరా ట్యూబుల కాలం నాటి కొలత పేరు అలాగే నిలిచిపోయింది.

అలాగని పూర్తి 200 మెగాపిక్సెల్ మోడ్ దండగేమీ కాదు. లాల్‌బాగ్ గ్లాస్‌హౌస్‌ని మధ్యాహ్నపు ఎండలో తీసి పెద్ద ప్రింట్ వేయించాలంటే పనికొస్తుంది. పరిగెత్తే పిల్లాడికి మాత్రం పనికిరాదు: ఫొటో సేవ్ కావడానికి టైమ్ పడుతుంది, ఫైల్ ఎన్నో రెట్లు పెరుగుతుంది.

అపోహ: వెనక ఎన్ని లెన్సులుంటే అంత మంచిది.

వాస్తవం: 2 మెగాపిక్సెల్ మాక్రో (మరీ దగ్గరి వస్తువులు తీసేది), 2 మెగాపిక్సెల్ డెప్త్ (దూరం అంచనా వేసేది) అని ఉంటే అవి లెక్క పెంచడానికి పెట్టినవే. ఆటోఫోకస్ ఉన్న అల్ట్రావైడ్ (ఎక్కువ వెడల్పు పట్టే లెన్స్, తెర మీద 0.6 అని కనిపించేది) ఒక్కటుంటే మాక్రో పని అదే బాగా చేస్తుంది.

అపోహ: 5ఎక్స్ (ఐదు రెట్ల జూమ్) నొక్కితే 5ఎక్స్ లెన్సే ఫొటో తీస్తుంది.

వాస్తవం: వెలుతురు తగ్గినా, వస్తువు మరీ దగ్గరగా ఉన్నా ఫోన్ మనకు చెప్పకుండా మెయిన్ కెమెరాకు మారి, ఆ బొమ్మనే కత్తిరించి పెద్దది చేస్తుంది. కనిపెట్టడం తేలికే. 5ఎక్స్‌లో ఉంచి జూమ్ లెన్స్ మీద వేలు పెట్టండి. స్క్రీన్ ఒక్క క్షణమైనా చీకటి పడకపోతే ఆ బొమ్మ జూమ్ లెన్స్‌ది కాదు. అప్పుడు రెండడుగులు వెనక్కి జరిగితే చాలాసార్లు అసలు లెన్స్ పనిలోకి వస్తుంది.

అపోహ: తెల్లవారుజామున కె.ఆర్. మార్కెట్‌లో తీసిన పూలు ముద్దగా వచ్చాయి, వీడియోలో నల్లచారలు కదిలాయి అంటే ఫోన్‌లో లోపం ఉన్నట్టే.

వాస్తవం: లోపం ఫోన్‌ది కాదు. ఇవి రెండు వేరువేరు సంగతులు, రెండింటికీ మందు మన చేతిలోనే ఉంది.

బంతిపూల రాశి, కనకాంబరాల మూర చూడండి. ఆ నారింజ రంగులో ఎరుపు వాటా చాలా ఎక్కువ. సెన్సర్‌లో ఎరుపు నిండిపోయి పొంగిపోతే రేకుకీ రేకుకీ మధ్యనుండే సన్నని నీడ మాయమై, రాశంతా ఒకే రంగు ముద్దలా మిగులుతుంది. రాశి మీద వేలితో తట్టి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కిందికి లాగండి. రేకుల అంచులు విడివిడిగా కనిపించేదాకా, సుమారు మైనస్ 0.7 వరకు. చుట్టుపక్కల కాస్త చీకటైనా పర్లేదు, తర్వాత ఎడిటింగ్‌లో వెలుతురు పెంచుకోవచ్చు. పొంగిపోయిన రంగును మాత్రం వెనక్కి తేలేం.

ఇక చారలు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే చవక ఎల్‌ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. కంటికి తెలియదు. ఫోన్ సెన్సర్ బొమ్మను పైనుంచి కిందికి వరసలు వరసలుగా చదువుతుంది కాబట్టి, షట్టర్ (సెన్సర్ వెలుతురు తీసుకునే సమయం) 1/500 సెకను లాంటి వేగంలో ఉంటే కొన్ని వరసలకు బల్బు తగ్గిన క్షణం దొరుకుతుంది. అదే చార. సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్‌లో షట్టర్‌ను 1/100 లేదా 1/50 దగ్గర స్థిరంగా ఉంచండి, వెలుతురు ఎక్కువైతే ఐఎస్‌ఓ (బొమ్మను ఎంత వెలిగించాలో చెప్పే అంకె) తగ్గించండి. సెట్టింగ్స్‌లో యాంటీ ఫ్లికర్ ఉంటే 50 హెర్ట్జ్ ఎంచుకోండి. అలాంటి బల్బుల కింద సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ జోలికి మాత్రం వెళ్లకండి, మిణుకు తప్పదు.

అపోహ: షాపులో డెమో ఫోన్ ఫొటో అదిరింది, ఇంకేం చూడక్కర్లేదు.

వాస్తవం: షోరూమ్ వెలుతురులో అన్ని ఫోన్లూ బాగానే తీస్తాయి, వాటి స్క్రీన్లు ఆ ఫొటోలకు మరింత మెరుగు పెడతాయి. ఎంతోమంది చేతులు పడిన డెమో ఫోన్ కాబట్టి మొదట లెన్సును మెత్తటి నూలుగుడ్డతో తుడవండి. జిడ్డుంటే ప్రతి దీపానికీ తోకలొస్తాయి. బ్యూటీ ఫిల్టర్ ఆపేయండి. తోడొచ్చినవాళ్లను అద్దాల తలుపుకు వీపు పెట్టి నిలబెట్టి ఒక ఫొటో తీయండి: బయట ఆకాశమూ తెలియాలి, ముఖం రంగూ మారకూడదు. చామనఛాయ ముఖాన్ని తెల్లగా చేసే ఫోన్‌ని మేం మంచి కెమెరా ఫోన్ అనం, దాని ధర ఎంతైనా సరే. తర్వాత నడుస్తూ చేయి ఊపమనండి, వరసగా ఐదు తీయండి, వేళ్లు ఎన్నింటిలో చెదిరాయో లెక్కపెట్టండి. కౌంటర్ కింది నీడలో ఒకటి. చివరగా ఒక నిమిషం వీడియో: 0.6 నుంచి 1ఎక్స్‌కీ, అక్కడి నుంచి జూమ్‌కీ మారుతుంటే గోడ రంగు మారుతోందా చూడండి. వీటన్నిటినీ మీ ఫోన్‌లోకి క్విక్ షేర్‌తోనో కేబుల్‌తోనో తెచ్చుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించేస్తుంది, అప్పుడు పోల్చి లాభం లేదు.

అపోహ: ఫోన్ ఊపితే టకటకమంటోంది, కెమెరా ఊడిపోయింది.

వాస్తవం: ఓఐఎస్ (చేయి వణుకును సరిదిద్దేందుకు లెన్స్‌ను కదిలించే ఏర్పాటు) ఉన్న లెన్స్ స్ప్రింగులూ అయస్కాంతాల మధ్య తేలుతూ ఉంటుంది. కెమెరా ఆపి ఉన్నప్పుడు ఆ చప్పుడు మామూలే. కెమెరా తెరవగానే ఆగిపోతే దిగులు పడక్కర్లేదు.

ఆ ఓఐఎస్‌ని నిజంగా పాడుచేసేది బండి హ్యాండిల్. మ్యాప్ కోసం ఫోన్‌ని నేరుగా హ్యాండిల్‌కు బిగించి సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో రోజూ తిరిగేవాళ్లు ఇది తప్పక గమనించాలి. శక్తిమంతమైన బైక్ ఇంజన్ల అదురు కెమెరాను దెబ్బతీయొచ్చని యాపిల్ 2021లోనే హెచ్చరించింది. చూడాల్సిన లక్షణం ఇది: 1ఎక్స్‌లో బొమ్మ జెల్లీలా వణుకుతుంది, సన్నగా ఝుమ్మనే శబ్దం వస్తుంది, 0.6 మాత్రం నిలకడగా ఉంటుంది. సాధారణంగా అల్ట్రావైడ్‌కు ఓఐఎస్ ఉండదు కాబట్టే ఆ తేడా. అదురు తగ్గించే రబ్బరు డ్యాంపర్ ఉన్న హోల్డర్ వాడండి, లేదా ఫోన్ జేబులో పెట్టుకుని, దారి చూడాల్సి వచ్చినప్పుడు బండి పక్కన ఆపి చూడండి.

అపోహ: కెమెరా మీద టెంపర్డ్ గ్లాస్ అంటించకపోతే లెన్స్‌కు గీతలు పడతాయి.

వాస్తవం: లెన్స్ పైన గట్టి గాజు కంపెనీయే పెడుతుంది. మీద అంటించే చవక గాజుకు, దానికీ మధ్య దుమ్ము, తేమ చేరితే రాత్రి ఫొటోలు మసకబారతాయి. ఇప్పటికే అంటించి ఉంటే రాత్రి వీధిదీపాన్ని గాజుతో ఒకసారి, తీసేసి ఒకసారి తీయండి. దీపానికి ఎదురుగా చిన్న పచ్చచుక్క రెండింటిలోనూ ఉండొచ్చు, అది లెన్స్ లోపలి ప్రతిబింబం. గాజుతో తీసినదాంట్లో మాత్రమే చుక్కలు పెరిగినా, దీపం చుట్టూ పొగలా కమ్మినా ఆ గాజు పీకేయండి.