మాయా యుగాంతం: లెక్క ఎక్కడ తప్పుతోంది

అపోహ: మధ్య అమెరికాలోని మాయా జాతి క్యాలెండర్ 2012తో అయిపోయింది, ఇక లోకం అంతమే. లేదంటే లెక్క పొరబడింది, అసలు తేదీ ముందుంది.

వాస్తవం: అయిపోలేదు. 2012 డిసెంబర్ 21న లాంగ్ కౌంట్, అంటే మాయలు రోజుల్ని వరసగా లెక్కపెట్టే పద్ధతి, 13.0.0.0.0 అయింది, మర్నాడు 13.0.0.0.1. అక్షయ వెళ్లి ప్రభవ వస్తే మనం బెంబేలెత్తుతామా? పాలెంకే అనే మాయా నగరంలోని శాసనమైతే క్రీ.శ. 4772లో వచ్చే ఒక తేదీని కూడా లెక్కగట్టి పెట్టింది.

మరి కొత్త తేదీలు ఎక్కణ్నుంచి పుడుతున్నాయి? కిన్ అంటే ఒక రోజు. 20 కిన్‌లు ఒక వినాల్. 18 వినాల్‌లు ఒక టున్, అంటే 360 రోజులు. 20 టున్‌లు కటున్, 20 కటున్‌లు బక్తున్. 13 బక్తున్‌లకు 18,72,000 రోజులు, మన ఏళ్లలో దాదాపు 5,125. టున్‌ను 365 రోజుల ఏడాది అనుకుంటే 5,200 వస్తుంది. ఆ 75 ఏళ్ల తేడాతో ఇంకో యుగాంతం తయారు! 2020 జూన్ పుకారు వేరే రకం: గ్రెగోరియన్ మార్పులో ‘పోయిన’ రోజుల్ని తెచ్చి ఇందులో కలిపారు. లాంగ్ కౌంట్ ఒక్కో రోజునే లెక్కపెడుతుంది. యూరప్‌వాళ్లు తమ క్యాలెండర్ దిద్దుకుంటే దానికేం?

ఇంకా గుబులుగా ఉంటే కాగితం మీద మీరే వేసి చూసుకోండి. 2012 డిసెంబర్ 21 నుంచి 2025 జనవరి 1కి 4,394 రోజులు. 360తో భాగిస్తే 12 టున్‌లు, శేషం 74. ఆ 74ను 20తో భాగిస్తే 3 వినాల్‌లు, శేషం 14 కిన్‌లు. తేదీ 13.0.12.3.14.

అపోహ: డ్రెస్డెన్ కోడెక్స్ అనే పాత మాయా చేతిరాత పుస్తకం చివరి పేజీలోని వరద బొమ్మ 2012 జోస్యం.

ఆ పేజీలో 2012 తేదీయే లేదు. ఆ పుస్తకంలో చూడాల్సింది శుక్రుడి పట్టిక: 236 రోజులు వేకువన, 90 మూఢం, 250 సాయంత్రం, 8 మళ్లీ మూఢం. పెద్ద మూఢం నిజానికి 50 రోజులకు అటూ ఇటూ ఉంటుంది, మొత్తం 584 మాత్రం కుదిరింది. అసలు సగటు 583.92 కాబట్టి పట్టికలోని 65 చుట్లకు అయిదు రోజులు జారుతుంది. అందుకే 61వ చుట్టు చివర 4 రోజులు కోసేస్తారు. అప్పుడు 35,620 రోజులు, సరిగ్గా మాయల 260 రోజుల పవిత్ర లెక్కకు 137 రెట్లు. 1 అహావ్ అనే పవిత్ర దినం చెక్కుచెదరదు.

అదే పుస్తకంలోని గ్రహణాల పట్టిక 405 చాంద్రమాసాలది, 11,960 రోజులు. గ్రహణం పట్టే వీలున్న రోజులే అందులో ఉంటాయి, అది ఆ ఊళ్లో కనబడుతుందన్న హామీ కాదు.

ఇక మిగతావి. మాయా క్యాలెండర్ అంటూ ఫార్వర్డుల్లో తిరిగే గుండ్రటి రాయి అజ్టెక్‌లనే వేరే జాతిది, 1790లో మెక్సికో నగరంలో దొరికింది. మాయలు మాయమైపోయారన్నదీ ఉత్తమాటే. గ్వాటెమాలా కొండల్లో కిచే అనే మాయా తెగ పెద్దలు 260 రోజుల లెక్కను ఇప్పటికీ నడుపుతున్నారు.