పాత పిన్‌బాల్ యంత్రాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: పిన్‌బాల్ యంత్రానికి (వాలు బల్లపై బంతి దొర్లే ఆటపెట్టెకు) ఫ్లిప్పర్లు, అంటే బంతిని తిరిగి పైకి కొట్టే మీటలు, లేవంటే ఎవరో పీకేశారని అర్థం.

వాస్తవం: బంతిని విద్యుత్తుతో తన్నే ఏర్పాటు 1933లో హ్యారీ విలియమ్స్ రూపొందించిన ‘కాంటాక్ట్’ అనే యంత్రంతో పేరుకెక్కింది, ఫ్లిప్పర్లు మాత్రం 1947లో షికాగోకు చెందిన గాట్లీబ్ కంపెనీ ‘హంప్టీ డంప్టీ’ తెచ్చేదాకా రాలేదు. అంతకు ముందు బంతిని వదిలాక ఆటగాడు చేయగలిగింది పెట్టెను నేర్పుగా కుదపడమే. 1930ల నాటి యంత్రానికి ఫ్లిప్పర్లు బిగించి ‘పూర్తి చేశాను’ అని చూపేవారికి ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తోచదు.

అపోహ: పాతదైతే అరుదైనదే.

వాస్తవం: 1931 నాటి ‘బ్యాఫుల్ బాల్’ వేల సంఖ్యలో అమ్ముడైంది. ఉచిత ఆట ఇవ్వడాన్ని జూదంగా పరిగణించిన ప్రాంతాల కోసం గాట్లీబ్ 1960లో ‘ఫ్లిప్పర్’ అనే యంత్రంతో మొదలుపెట్టిన, అదనపు బంతిని బహుమతిగా ఇచ్చే రకాలు సాధారణంగా తక్కువ సంఖ్యలో తయారయ్యాయి కనుక, వయసులో చిన్నవైనా సేకర్తలు వాటి కోసం గాలిస్తుంటారు.

అపోహ: చిప్ లేదు కాబట్టి లోపల పెద్ద పనేమీ ఉండదు, ఎక్కడైనా బిగుసుకుంటే నూనె చల్లితే చాలు.

వాస్తవం: పెట్టె తెరిచి చూసినవారు ఈ మాట అనరు. యాభై పాయింట్ల లక్ష్యాన్ని బంతి తాకగానే ఒక రిలే (విద్యుత్తుతో కదిలే స్విచ్) పట్టుకుని నిలుస్తుంది, స్కోరు మోటారు తిరుగుతుంది, దాని క్యాములు (అంచున ఎత్తుపల్లాలున్న చక్రాలు) ఒక స్విచ్‌ను ఐదుసార్లు మూసి తెరుస్తాయి, పదుల అంకె ఐదు మెట్లు ముందుకు జరుగుతుంది. ఈ వరుసలో ఒక్క కాంటాక్టు (స్విచ్ మూసుకున్నప్పుడు ఒకదానికొకటి తాకే లోహపు మొన) మసకబారినా, దాని రేకు కాస్త వంగినా స్కోరు తప్పుతుంది. అందుకే కాయిల్‌ను (తీగచుట్టను) అనుమానించే ముందు కాంటాక్టులను చూడాలి. వాటిని గరుకు కాగితంతో రుద్దితే పైనున్న వెండి అరిగిపోతుంది కనుక సన్నని ఆకురాయితో తేలికగా తుడవడం మేలు. నూనె కొన్నాళ్లు పనిచేసి, తర్వాత దుమ్ముతో కలిసి జిగురవుతుంది. పైగా కాంటాక్టుల దగ్గర నిప్పురవ్వలు లేస్తాయి కనుక మండే స్వభావమున్న తుంపరలు ప్రమాదకరం కూడా. స్టెప్పర్ యూనిట్‌ను (మెట్టుమెట్టుగా జరిగే లెక్కింపు భాగాన్ని) విప్పి, ఎండిన గ్రీజును ఆల్కహాల్‌తో తుడవడమే సరైన పద్ధతి.

అపోహ: బ్యాక్‌గ్లాస్‌ను (యంత్రం ఎదుట నిలువుగా ఉండే బొమ్మల గాజును) రెండు వైపులా తడిబట్టతో శుభ్రం చేయవచ్చు.

వాస్తవం: బొమ్మను అచ్చువేసింది గాజు వెనుక వైపున. దీపాల వేడికి, తేమకు ఆ రంగు పొరలుగా లేస్తుంది, తడిబట్ట తగిలితే ఊడి దానితోపాటే వచ్చేస్తుంది. కొనేముందు దీపాలు వెలిగించి చూపమని అమ్మేవారిని అడగండి. రంగు పోయిన చోట్ల వెలుగు నేరుగా బయటికి వస్తుంది.