సబ్బు బుడగలో గోరుచిక్కుడు జిగురు

"మనిషి పట్టేంత బుడగలు వదులుతారు కదా, ఆ సబ్బునీళ్లలో ఏం కలుపుతారండీ?" అని ఒక పాఠకురాలు అడిగారు. చాలామంది కలిపేది గోరుచిక్కుడు గింజల పిండి. తెలంగాణలో గోకరకాయ అంటారే, అదే మొక్క.

బుడగ పొర అంటే అటూ ఇటూ సబ్బు అణువుల వరస, మధ్యలో నీళ్లు. నీళ్లు కిందికి జారేకొద్దీ రంగులు మారి, చివరికి పైభాగం నల్లబడుతుంది. ఈ నల్లమచ్చల గురించి న్యూటన్ 1704లోనే రాశాడు. అక్కడ మందం కొన్ని పదుల నానోమీటర్లే, ఒక్కోసారి ఇంకా తక్కువ.

సబ్బు తలతన్యతను, అంటే నీటి ఉపరితలం బిగుసుకుని ఉండే గుణాన్ని, తగ్గిస్తుంది కాబట్టి బుడగ వస్తుందని బడిలో చెప్పి వదిలేస్తారు. అది సగం మాటే, మిగతా సగమే అసలు అందం. పొర ఒకచోట సాగి పలచబడితే అక్కడ సబ్బు అణువులు ఎడమవుతాయి, తలతన్యత పెరుగుతుంది, ఆ లాగుడుకి చుట్టుపక్కల నీళ్లు అక్కడికి వచ్చి చేరతాయి. పొర తన చిరుగు తానే కుట్టుకుంటుందన్నమాట!

కానీ పెద్ద బుడగ సాగే వేగానికి ఈ కుట్టు చాలదు. బెండకాయ కోసి చాకు మెల్లగా పైకి లేపండి. సన్నటి తీగ సాగుతుంది. మామూలు నీళ్లయితే వెంటనే చుక్కలుగా తెగేవి. ఆ జిగురులోనూ గోరుచిక్కుడు పిండిలోనూ ఉండలు చుట్టుకున్న పొడవాటి గొలుసు అణువులు (వీటినే పాలిమర్లు అంటారు) లాగేకొద్దీ విచ్చుకుని, బిగుసుకుని, ఎదురు లాగుతాయి. పొర వేగంగా సాగేచోటే ఈ ఎదురు ఎక్కువ. మెల్లగా కదిలేటప్పుడు అవి పెద్దగా అడ్డుపడవు.

కొన్ని పాలిమర్లు సబ్బుతో నేరుగా జతకడతాయి. సోడియం డోడెసైల్ సల్ఫేట్ అనే సబ్బులాంటి పదార్థం వట్టి నీళ్లలో లీటరుకు సుమారు 8 మిల్లీమోల్స్ దాటాక, అరవై అణువుల చొప్పున గుంపు కడుతుంది. పాలీఇథిలీన్ ఆక్సైడ్ అనే పాలిమర్ ఉంటే దాదాపు సగం మోతాదుకే, నల్లపూసలు దారానికి గుచ్చినట్టు గొలుసు పొడవునా గుంపులు అంటుకుంటాయి. అన్నిటిదీ రుణావేశమే కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, దాంతో గొలుసు ఉబ్బి విచ్చుకుంటుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో ప్రచురించిన ఫలితం. నెలల తరబడి డబ్బాలో ఉన్న పాలిమర్ పొడి, కొత్తదానికంటే గట్టి పొరలిచ్చింది. నిలవున్న గొలుసులు అక్కడక్కడా తెగి పొట్టివీ పొడుగువీ కలిసిపోయాయి. అన్నీ ఒకే పొడవున్నప్పటికంటే ఆ కలగలుపు చిక్కే ఎక్కువ సాగి నిలిచింది.